వీణ అరువిచ్చేటప్పుడు, అడిగేటప్పుడు

విజయనగరంలో వీణ నేర్పే ఇంటికి అరువు అడిగేవాళ్ళు రాని నెల ఉండదు. పుష్య బహుళ పంచమి దగ్గరపడితే త్యాగరాజ ఆరాధనకి కావాలంటారు. వేసవిలో అమెరికా నుంచి మనవరాలు వస్తోంది, ఉన్నన్నాళ్ళూ సాధన పోకూడదంటారు. కొత్తగా చేరిన పిల్లల అమ్మానాన్నలు, సొంతది కొనేదాకా ఒకటి సర్దమంటారు. 1919లో విజయరామ గాన పాఠశాల పెట్టి, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్‌గా పనిచేసిన ఊరు మాది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ పాఠం చెప్పిన ఊరు. ఇక్కడ వాద్యాలు ఇళ్ళు మారడం కొత్త కాదు.

"పుస్తకం వనితా విత్తం పరహస్తం గతం గతః" అని శ్లోకం చదివి తలుపు వేసుకునేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ భయం నాకు అర్థమవుతుంది కానీ నేను ఆ మాటకి ఒప్పుకోను. వాయించని వీణకి తీగలు తుప్పు పడతాయి, తీగలు బిగించే బిరడలు బిగుసుకుపోతాయి. పైగా సొంత వీణ కొనలేని పిల్లలకి ఎవరో ఒకరు ఇవ్వకపోతే చదువు మొదటి పాఠాలైన సరళీ స్వరాల దగ్గరే ఆగిపోతుంది. ఇవ్వాలి. అయితే ఇచ్చే రోజున ఓ అరగంట కూర్చుని మాట్లాడి ఇవ్వాలి. నేను చూసిన గొడవల్లో ఎక్కువ భాగం వీణ పాడైనందుకు వచ్చినవి కావు. ఇచ్చేటప్పుడు చెప్పని మాట తిరిగొచ్చాక చెప్పడం వల్ల వచ్చినవి.

ముందు ఎందుకో అడగండి

"ఎన్నాళ్ళకి?" అనేకంటే ముందు "దేనికి?" అని అడగండి. ఒక సాయంత్రం కచేరీకి, రెండు నెలల సాధనకి, పరీక్షకి, ఫోటోకి ఒకటే జవాబు ఉండదు.

ఫోటోకి, వేషానికి నేను ఇవ్వను. ఇది కాస్త కటువుగా వినిపిస్తుందని తెలుసు. స్కూల్ యానివర్సరీకి సరస్వతి వేషం, ఓణీల ఫంక్షన్‌కి ఫోటోషూట్, షాపు ఓపెనింగ్‌కి స్టేజి అలంకరణ, ఇలా అడిగేవాళ్ళు ఏటా వస్తారు. "పిన్నిగారూ, ఒక్క పూటే కదా, మా పాప ఊరికే ఒళ్ళో పెట్టుకు కూర్చుంటుంది" అంటారు. ఆ పూటలోనే వడ్డాణం కొక్కెం వీణ గుండ్రటి భాగమైన కుండ పలక మీద గీత పెడుతుంది. ఫోటోగ్రాఫర్ కోణం కుదరలేదని మెడ చివర చెక్కిన యాళి (సింహం లాంటి మృగం) తల పట్టుకుని వీణని పైకి లేపుతాడు. వాయించడం తెలిసినవాళ్ళు ఎవరూ పక్కన ఉండరు. అలాంటివాళ్ళకి దారి చూపించి పంపండి: బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో అలంకరణకి, బహుమతులకి చిన్న వీణలు చేస్తారు. ఫోటోలో ముచ్చటగా ఉంటాయి, పాప చేతికీ సరిపోతాయి. కాస్త పెద్దది కావాలంటే థర్మాకోల్‌తో చేయించుకోమనండి.

దసరాల్లో మూలా నక్షత్రం నుంచి విజయదశమి దాకా కూడా నేను బయటికి ఇవ్వను. వీణ పూజలో ఉంటుంది. దశమి నాడు పూజ తీసి, నేను వాయించాకే వేరే చేతికి వెళ్తుంది. ఇది మా ఇంటి పద్ధతి. మీ ఇంట్లో వేరుగా ఉండొచ్చు. అడిగేవాళ్ళు మాత్రం ఆ రోజుల్లో అడగకపోతే మర్యాదగా ఉంటుంది. ఇచ్చేవాళ్ళకి కాదనడం కష్టం, ఇవ్వడం ఇంకా కష్టం.

ఏ వీణ, ఎవరికి

నేర్పే పనిలో ఉన్నవాళ్ళు అరువుకంటూ ఒక వీణ విడిగా ఉంచుకోవడం మంచిది. నాకు గొల్లపల్లిలో చేయించుకున్న ఏకాండి వీణ ఉంది. కుండ, దండి (పొడవాటి మెడ) కలిపి ఒకే పనస దుంగలో తొలిచింది. అది నా కచేరీ వీణ. వాయింపు నేను దగ్గర కూర్చుని విన్నవాళ్ళకే, అదీ ఒక రోజుకే ఇస్తాను. రెండోది అతుకు వీణ, భాగాలు విడిగా చేసి అతికించింది. పాలిష్ వెలిసింది, ఏనుగు దంతం రంగు ప్లాస్టిక్ నగిషీ ఒకచోట ఊడింది. నాదం మాత్రం నిండుగా ఉంటుంది. సాధనకి ఇచ్చేది అదే. పాత వీణ ఇచ్చారని ఎవరైనా చిన్నబుచ్చుకుంటే, వాళ్ళకి వీణ కంటే వీణ ఉన్న ఇల్లు అనిపించుకోవడం ముఖ్యమన్నమాట. ఇవ్వకపోయినా నష్టం లేదు.

మనిషిని ఎలా తెలుసుకోవాలి? సిఫార్సు మాటల కంటే చేతుల్ని చూడండి. వీణని చాప మీద పెట్టి, "కాస్త ఇటు తెచ్చి పెట్టమ్మా" అనండి. తెలిసినవాళ్ళు ఒక చెయ్యి కుండ కిందకి, ఇంకో చెయ్యి దండి కిందకి పోనిచ్చి ఎత్తుతారు. తెలియనివాళ్ళు యాళి దగ్గరో, కింద బిగించిన బుర్రనో పట్టుకుంటారు. బుర్ర మర మీద నిలబడేది, బరువు మోయడానికి పెట్టింది కాదు. అతుకు వీణకి యాళి తల దగ్గరి అతుకు బలహీనమైన చోటు. తర్వాత శ్రుతి చేయమనండి. బిరడని లోపలికి అదిమి పట్టి నెమ్మదిగా తిప్పుతున్నారా, లాగి తిప్పుతున్నారా? కొద్ది తేడాకి బిరడ జోలికి పోకుండా తీగల కింది కొస కట్టే నాగపాశం దగ్గర, తీగ మీద జరిపే లంగరు సర్దుతున్నారా? ఈ రెండూ చూస్తే చాలు, ఇక ఎవరినీ అడగక్కర్లేదు. చిన్నపిల్లలైతే ఇదే వాళ్ళకి మొదటి పాఠం అవుతుంది. తల్లిదండ్రుల్ని కూడా పక్కన కూర్చోబెట్టి చూపించండి, ఎందుకంటే ఇంట్లో వీణని ఎత్తి పక్కన పెట్టేది వాళ్ళే.

అప్పగించే అరగంట

నేను ఎలా ఇస్తానో చెప్తాను. గవుసు విప్పి వీణని చాప మీద పెడతాను. తీసుకెళ్ళేవాళ్ళని ఎదురుగా కాదు, పక్కన కూర్చోమంటాను, మెట్లు (తీగ నొక్కి స్వరం పలికించే కడ్డీలు) నాకు కనిపించినట్టే వాళ్ళకీ కనిపించాలి. మొదటి వాయింపు తీగ సారణి మీద అడుగు మెట్టు నుంచి మొదలుపెట్టి ఇరవై నాలుగు మెట్లూ ఒక్కొక్కటిగా నొక్కి మీటుతాను. అరువు వీణలో పై స్థాయిలో ఒక మెట్టు దగ్గర సారణి కొంచెం గరగరమంటుంది. అక్కడ ఆగి, రెండుసార్లు మీటి, "ఇది ముందు నుంచీ ఉంది" అని చెప్తాను. ఆ తర్వాత మిగతా వాయింపు తీగలు పంచమం, మంద్రం, అనుమంద్రం, పక్క తాళపు తీగలు మూడూ. ఆ తర్వాత దెబ్బలు: కుండ వెనక గీత, ఊడిన నగిషీ, తీగల్ని మోసే గుర్రం పక్కన పాలిష్ పోయిన మచ్చ. ఒక్కొక్కటి వేలు పెట్టి చూపిస్తాను. వాళ్ళ ఫోన్లో వాళ్ళనే ఫోటోలు తీసుకోమంటాను. నా ఫోన్లో తీస్తే అనుమానంగా అనిపిస్తుంది. వాళ్ళ ఫోన్లో ఉంటే అవి వాళ్ళకే రక్షణ.

అప్పుడు మూడు మాటలు చెప్తాను.

మొదటిది మేళం, అంటే మెట్ల అమరిక గురించి. వీణ మెట్లకి మేకులు ఉండవు. నల్లటి మైనం గట్టు మీద కూర్చుని ఉంటాయి. ఆ గట్టుని, మెట్ల స్థానాల్ని పనివాడు చెవితో సరిచూసి కట్టాడు. మెట్టు వెంట్రుకవాసి జరిగినా గాంధారం పలకాల్సిన చోట మరేదో పలుకుతుంది. మైనానికి ఎండ పడదు. తేనెమైనం అరవై డిగ్రీలు దాటగానే కరిగేది, మెత్తబడటం అంతకు చాలా ముందే మొదలవుతుంది. మే నెలలో తలుపులు మూసి ఎండలో ఆపిన కారులో ఎంత వేడి ఉంటుందో మన జిల్లాలవాళ్ళకి చెప్పాలా? నాకు తెలిసిన ఒక టీచరుగారి వీణ అలాగే పోయింది. పెళ్ళిలో వాయించడానికి తీసుకెళ్ళినవాళ్ళు దార్లో భోజనానికి ఆగి, వీణని వెనక సీట్లో వదిలారు. వచ్చి చూస్తే పై స్థాయి మెట్లు ఒకవైపు ఒరిగి ఉన్నాయి. వాళ్ళే వేళ్ళతో నొక్కి నిలబెట్టారు, అసలు నష్టం అక్కడ జరిగింది. ఒరిగిన మెట్లని ముట్టుకోకుండా తెచ్చి ఉంటే పనివాడు కొన్నింటినే సరిచేసేవాడు. నొక్కాక మేళం మొత్తం విప్పి కట్టాల్సి వచ్చింది. అందుకే చెప్తాను: మెట్టు కదిలిందనిపిస్తే ముట్టుకోకండి, నాకు ఫోన్ చెయ్యండి.

రెండోది శ్రుతి. నా అరువు వీణకి తీగలు మూడు శ్రుతికి (హార్మోనియం మూడో తెల్ల మెట్టు) తగ్గ మందంలో వేసి ఉన్నాయి. కాస్త తగ్గించుకోవచ్చు. నాట్యానికి వాయించడానికి పట్టుకెళ్ళి, పాడే అమ్మాయి నాలుగున్నర శ్రుతి కావాలన్నదని బిగించేస్తే తీగలు తెగుతాయి, తెగకపోతే గుర్రం మీద, దండి మీద బరువు పడుతుంది. శ్రుతి మార్చాలంటే ముందు చెప్పండి, తీగలు మారుద్దాం.

మూడోది మైకు. కాంటాక్ట్ మైకుని డబుల్ టేప్‌తో కుండ పలకకి అంటిస్తారు. కచేరీ అయ్యాక పీకితే పాలిష్ పొర లేచి వస్తుంది. సౌండ్ వాళ్ళు అడిగితే, "మాది కాదండీ, ఎదురుగా స్టాండు మైకు పెట్టండి" అని చెప్పమంటాను. మాది కాదన్న మాట వాళ్ళకి చప్పున అర్థమవుతుంది.

సంచిలో ఒక మెత్తటి నూలు గుడ్డ, అదనంగా రెండు సారణి తీగలు, కొబ్బరి నూనె చుక్క వేసుకునే చిన్న డబ్బా పెట్టి ఇస్తాను. వాయించిన ప్రతిసారీ నూనె, చెమట తుడవాలి, ఇత్తడి తీగలు చూస్తుండగానే నల్లబడతాయి. వేళ్ళకి తీగతో చేసిన గోళ్ళు తొడుక్కుని మీటేవాళ్ళయితే ఆ సంగతి ముందే చెప్పాలి. కొత్తవాళ్ళ చేతిలో అవి పలక మీద గీతలు పెడతాయి.

ప్రయాణం

బస్సు పైన వేయకూడదు, డిక్కీలో వేయకూడదు. ఆటో అయితే ఒకరు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి. రైల్లో కింది బెర్తు దొరికితే దాని మీదే పడుకోబెట్టి, మనిషి పక్కన సర్దుకోవాలి. బుర్ర విప్పి విడిగా గుడ్డలో చుట్టి పెట్టుకోవడం మేలు. తీగలు కాస్త దించుకోండి కానీ అన్నీ ఒక్కసారి వదిలేయకండి, ఒత్తిడి పోతే గుర్రం చోటు మారుతుంది.

గడువు, ఖర్చు

"అయ్యాక ఇచ్చేస్తాం" అనేది గడువు కాదు. తారీఖు చెప్పించుకోండి. నేను క్యాలెండర్లో ఆ తారీఖు మీద పేరు రాస్తాను, వాళ్ళ ఎదురుగానే. గడువు పెంచాలంటే ఆ తారీఖుకి ముందే అడగాలి. ఇంకొకరికి మళ్ళీ అరువివ్వడం మాత్రం కుదరదు. "మా వదినగారి అమ్మాయి రెండు రోజులు వాయించుకుంటానంది" అని వీణ మూడో ఇంటికి వెళ్తే, ఎవరికి ఏం చెప్పామో, ఏం చూపించామో అంతా వృథా.

అద్దె తీసుకోవచ్చా అని కొత్త టీచర్లు నన్ను అడుగుతుంటారు. తీసుకోవచ్చు, తప్పేమీ లేదు. మొదటి రోజే అంకె చెప్పాలి, అంతే. నేను నా శిష్యుల దగ్గర అద్దె తీసుకోను. రోజువారీ సాధనకి నెలల తరబడి వాడుకునేవాళ్ళని మాత్రం మేళం ఖర్చులో పాలు పెట్టుకోమంటాను. ఎంత జాగ్రత్తగా వాయించినా సారణి గమకంలో రాసుకుని మెట్ల మీద గాడి పడుతుంది, మైనం వదులవుతుంది. అది వాడుక వల్ల వచ్చే అరుగుదల, ఎవరి తప్పూ కాదు. తీగ తెగడం కూడా అంతే. తీగ తెగిందని పిల్ల ఏడుస్తూ రావడం నాకు ఇష్టం ఉండదు. తెగితే మార్చుకోవాలి, మార్చడం రాకపోతే నా దగ్గరికి రావాలి, తిరిగిచ్చేటప్పుడు సంచిలో తీగలు ఎన్ని ఉన్నాయో అన్ని ఉండాలి.

పగులు, విరుగు అయితే వేరే లెక్క. బాగుచేయించే ఖర్చు తీసుకెళ్ళినవాళ్ళది, ఎవరి చేత బాగుచేయించాలన్నది సొంతదారు ఇష్టం. ఈ రెండు ముక్కలూ ఇచ్చే రోజే నోటితో అనేయాలి. మా శిష్యురాలి ఇంట్లో ఒకసారి పిల్లి దూకి బుర్ర చిట్లింది. వాళ్ళ నాన్నగారు ఆ సాయంత్రమే ఫోన్ చేసి, "టీచరుగారూ, ఇలా జరిగింది, ముట్టుకోలేదు, ఎక్కడికి తెమ్మంటారు?" అన్నారు. గొల్లపల్లికి వాళ్ళే తీసుకెళ్ళారు, కొత్త బుర్ర వేయించారు. ఆ ఇంటికి నేను ఇప్పుడు అడిగినా వీణ ఇస్తాను. చిట్లినచోట ఫెవికాల్ పూసి, పైన నల్ల రంగు వేసి, ఏమీ అనకుండా తిరిగిచ్చేవాళ్ళూ ఉంటారు. మీటగానే తెలిసిపోతుంది. విరిగిందని చెప్తే కలిగే బాధ ఒక పూట ఉంటుంది, దాచారని తెలిస్తే ఆ మనిషి మీద నమ్మకం పోతుంది.

అడిగేవాళ్ళకి

నలుగురిలో అడగకండి. సభలో, శిష్యుల ముందు, ఫంక్షన్లో భోజనాల దగ్గర అడిగితే ఎదుటివాళ్ళకి కాదనే వీలుండదు. ఇంటికొచ్చో, ఫోన్లోనో అడగండి, ఆలోచించుకోవడానికి ఒక రోజు వ్యవధి ఇవ్వండి. కార్యక్రమం రేపనగా ఈ రోజు వచ్చి అడిగితే, మీ ఏర్పాట్ల లోపాన్ని ఇంకొకరి నెత్తిన వేసినట్టే.

ఆరాధన రోజుల్లో వేదిక పక్కన వీణలు వరసగా పెట్టి ఉంటాయి. వాటిలో ఏదీ ఊరికే మీటి చూడకండి. ఎవరిదో శ్రుతి చేసి సిద్ధంగా పెట్టుకున్నది, వాళ్ళ వంతు వచ్చేదాకా దాన్ని కదపకూడదు. మీ తీగ తెగి, వంతు ముంచుకొస్తే మాత్రం మొహమాటపడకుండా అడగండి. ఆ సమయంలో కాదనే వైణికుల్ని నేను చూడలేదు. అయ్యాక వాళ్ళ శ్రుతికి మళ్ళీ కలిపి, తుడిచి చేతికివ్వండి.

తిరిగిచ్చేటప్పుడు మీరే రండి. డ్రైవరు చేత పంపకండి, పక్కింట్లో వదిలి వెళ్ళకండి. తాంబూలంలో పండు పెట్టి ఇస్తే సంతోషమే. దాంతోపాటు ఒక సెట్టు తీగలు పెడితే ఇంకా సంతోషం.

విదేశాల నుంచి వచ్చే కుటుంబాలకి ఒక మాట. అమెరికాలో జరిగే క్లీవ్‌లాండ్ త్యాగరాజ ఆరాధన పోటీలకి తయారయ్యే పిల్లలు ఇక్కడ సెలవుల్లో కూడా సాధన ఆపలేరని మాకు తెలుసు, వాళ్ళ పట్టుదల చూస్తే ముచ్చటేస్తుంది. టికెట్లు తీసుకున్నప్పుడే కబురు చెయ్యండి. దిగాక చెప్తే మంచి వీణ అప్పటికే ఎవరికో వెళ్ళిపోయి ఉంటుంది. ఏసీ గదిలో నుంచి వీణని నేరుగా ఎండ వరండాలోకి, మళ్ళీ గదిలోకి మార్చకండి. ఏసీ గాలి తగలని గోడ పక్కన ఒకేచోట ఉంచండి.

మిగతా వాద్యాలు

వీణ నా చేతిలోది కాబట్టి దాని గురించే ఎక్కువ చెప్పాను. మృదంగం అరువు తెస్తే ఎడమ మూతకి పెట్టిన రవ్వ ముద్దని కచేరీ అవగానే తీసి, తడిగుడ్డతో తుడవాలి. ఎండిపోయేదాకా వదిలేస్తే తోలు పాడవుతుంది. మృదంగ విద్వాంసులు ఒక్కో శ్రుతికి ఒక్కో మృదంగం పెట్టుకుంటారు, కాబట్టి ఏ శ్రుతికి కావాలో చెప్పి అడగండి, దాన్ని కొట్టి వేరే శ్రుతికి దించకండి. వయొలిన్ అయితే వాయించాక కమాను వెంట్రుకలు వదులు చేయాలి, వాటిని వేళ్ళతో తాకకూడదు. హార్మోనియం బెలోస్ మూసి, కొక్కెం పెట్టి కదపాలి. వేణువు, నాదస్వరం నోటితో వాయించేవి, వాటిని అడగకపోవడమే మర్యాద.

కాదనడం, తిరిగి తీసుకోవడం

ఇవ్వడం ఇష్టం లేనప్పుడు అబద్ధాలు చెప్పకండి. మేళం కట్టించడానికి పంపాం అంటారు, ఆ సాయంత్రమే కిటికీలోంచి వీణ వినిపిస్తుంది. "ఈ వీణ నేను బయటికి ఇవ్వనమ్మా. మా ఇంటికి వచ్చి వాయించుకో, పొద్దున్న ఆరు నుంచి ఏడు దాకా గది ఖాళీగానే ఉంటుంది" అంటాను నేను. నిజంగా సాధన కావాల్సిన పిల్లలు ఆరింటికే వస్తారు.

వీణ తిరిగొచ్చినప్పుడు అప్పగించినట్టే తీసుకోండి. వచ్చినవాళ్ళకి మంచినీళ్ళిచ్చి, కూర్చోబెట్టి, వాళ్ళ ఎదురుగానే గవుసు విప్పి, అడుగు మెట్టు నుంచి వరసగా మీటండి. వాళ్ళు వెళ్ళాక చూసి రాత్రి ఫోన్ చేయడం ఇద్దరికీ ఇబ్బంది. ఏదైనా తేడా కనిపిస్తే పిల్లల ముందు అనకండి, పెద్దవాళ్ళతో విడిగా మాట్లాడండి. జీవాళి (నాదంలోని ఝంకారం) మారినట్టు అనిపిస్తే వెంటనే గుర్రాన్ని ముట్టుకోకండి. ప్రయాణం చేసొచ్చిన వీణని ఒక రాత్రి అలా ఉంచి, మర్నాడు శ్రుతి చేసి మళ్ళీ వినండి. చాలాసార్లు గుర్రం కొద్దిగా జరిగి ఉంటుంది, అంతే. అప్పటికీ సరికాకపోతే పనివాడికి చూపించాలి. అంతా బాగుంటే సారణి మార్చి, క్యాలెండర్లో పేరు కొట్టేసి, తర్వాత ఎవరు అడిగారో వాళ్ళకి ఫోన్ చెయ్యండి.